బావిలో ఉండి చెప్పిన మాట

బావుల మేస్త్రి మాటంటే మాటే. ఈ సంగతి ఒప్పుకోని మనిషి ఆ చుట్టుపక్కల పదిహేను ఊళ్లలో ఒక్కరే ఉన్నారు, అతని భార్య. "పావుగంటలో వస్తానని బజారుకెళ్లిన మనిషి పొద్దుగూకాక ఊడిపడతాడు. ఈయనగారిది మాటంట, మాట!" అని గిన్నెలు తోముతూ సణుగుతుంది. ఆవిడ చెప్పేదీ నిజమే. కాకపోతే అది బజారు మాట. బావి మాట వేరు.

అతని పనంతా ఎండాకాలంలో. నీళ్లు అడుగంటిన బావిలోకి తాడు కట్టుకుని దిగడం, పూడిక తీసి బుట్టల్లో పైకి పంపడం, గోడలో ఊడిన రాళ్లు మళ్లీ పేర్చడం, ఆసామి అడిగితే ఇంకో నాలుగడుగులు లోతు చేయడం. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. ఇతనికిప్పుడు యాభై మూడు. మోకాళ్లు అరిగిపోయాయి. చంకల కింద తాడు ఒరుసుకునే చోట చర్మం చెప్పు అట్టలా మొద్దుబారింది. మెట్లెక్కడానికి మూలుగుతాడు గానీ బావిలోకి దిగమంటే మాత్రం పెళ్లికి పిలిచినట్టు బయల్దేరతాడు.

వాళ్ల వంశంలో ఒక పద్ధతి ఉంది. పూడిక తీశాక అడుగున కొత్త నీళ్లు ఊరతాయి కదా, ఆ నీళ్లు మేస్త్రి ఒక దోసెడు తాగి, అక్కడినుంచే పైకి కేకేసి చెప్పాలి. తీపి, చప్ప, ఉప్పు, ఈ మూడింట్లో ఒకటి. ఊట నిండా ఉందో, సగమో, అసలు లేదో ఇంకొక మాట. అంతే. పైకెక్కాక చెప్పకూడదు. "ఒరేయ్, గట్టుమీదికొచ్చాక మనిషికి నాలుగు ఆలోచనలొస్తాయి" అనేవాడు తండ్రి. "ఆసామి ఏమనుకుంటాడో, కూలి ఇస్తాడో ఎగ్గొడతాడో అని. లోపలుండగా నీ ప్రాణం పైవాడి చేతిలో తాడు. అక్కడ అబద్ధమాడే బుద్ధి ఎవడికి పుడుతుంది?" అందుకే బావి అడుగునుంచి వచ్చిన మాటను ఎవరూ రెండోసారి అడగరు. అడిగితే మర్యాద కాదు. ఆ మాట మీద తోటలు వేశారు, పొలాలు కొన్నారు, ఒకాయనైతే "ఉప్పు" అన్న కేక విని మూటాముల్లె సర్దుకుని ఊరే వదిలి వెళ్లిపోయాడు.

మేస్త్రికి ఒక అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. ఆవిడ మొగుడు పోయి పదేళ్లయింది. అయినా చేయి చాచకుండా, మూడెకరాలు కౌలుకు చేసుకుంటూ బతుకుతోంది. ఆ భూమి పట్నంలో ఉండే ఒక పళ్ల డాక్టరుది. తండ్రి వదిలిపోయిన ముక్క. ఆయన దాన్ని చూసింది రెండుసార్లో మూడుసార్లో. కౌలుకు కాగితం లేదు, అంతా నోటిమాట. ఏటా డబ్బుతో పాటు అక్క తీసుకెళ్లే చిక్కుడుకాయల సంచీ మీదే ఆయన మనసుండేది.

ఆ మూడెకరాల్లో ఒక బావి ఉంది. పదిహేడేళ్ల కిందట అది పేరుకే బావి. బావా బామ్మర్దులిద్దరూ పట్టుబట్టి రెండు ఎండాకాలాలు దాన్ని తవ్వారు. అడుగున రాయి పగిలి, తూర్పు గోడలో పిడికిలి పట్టేంత కంత పడింది. అందులోంచి నీళ్లు ఎగదన్నుకొచ్చాయి. ఆ రోజు మేస్త్రి అడుగునుంచి "తీపీ! నిండూ!" అని ఎంత గట్టిగా అరిచాడంటే గట్టుమీద అక్క ఏదో ప్రమాదమనుకుని ఏడుపందుకుంది. ఆ తర్వాత వరసగా మూడేళ్లు వానల్లేక ఊరూరా బావులు నోళ్లు తెరిచినా, ఈ బావి ఆరు మెట్ల కిందికి దిగలేదు. ఈ సంగతి పళ్ల డాక్టరుకు తెలియదు. ఆయన లెక్కలో అది ఇంకా నీళ్లు లేని మెట్టభూమే.

"చెప్పొద్దా అక్కా?" అని మేస్త్రి ఒకసారి అడిగాడు.

"అడగనివాడికి చెప్పడానికి మనకేమన్నా జీతమిస్తున్నాడా? నోరు మూసుకుని చిక్కుడుకాయలు తిను" అంది అక్క.

అలా పదిహేడేళ్లు గడిచాయి. పోయిన ఎండాకాలం మొదట్లో బూడిదరంగు పెద్ద కారొకటి వచ్చింది.

కారులో వచ్చినాయనకు పట్నంలో ఏవో వ్యాపారాలున్నాయన్నారు. ఏం వ్యాపారమో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. వస్తువు కొనడు, వస్తువు అమ్మడు, డబ్బు మాత్రం పుడుతుందట. అలాంటి మనిషికి ఉన్నట్టుండి డబ్బంటేనే భయం పట్టుకుంది. బ్యాంకులన్నీ మూతపడతాయి, నోట్లు పొయ్యి రాజేసుకోవడానికి తప్ప పనికిరావు, పట్నాల్లో జనం తిండికి కొట్టుకు చస్తారు, ఆ రోజున నేలా నీళ్లూ ఉన్నవాడే బతుకుతాడు. ఇదీ ఆయన నమ్మకం. ఆయన ఒక్కడే అయితే పిచ్చి అనుకోవచ్చు. ఆయనలాంటివాళ్లు ఇంకో నలుగురైదుగురు కలిసి, తలా ఒక దిక్కు పంచుకుని పొలాలు కొంటున్నారు. టీకొట్టు దగ్గర కుర్రకారు ఆయనకు ప్రళయం బాబు అని పేరు పెట్టారు. "మనకిక్కడ రోజూ ప్రళయమే, ఈయనకింకా రాలేదంట" అని నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు లెండి.

పొలాలు చూపించేది విత్తనాల కొట్టాయన. విత్తనాలు అమ్మితే ఏడాదికి వచ్చేది పొలం అమ్మిస్తే పూటలో వస్తుందని కనిపెట్టి, కొట్టు సగం మూసేసి బ్రోకరయ్యాడు. ప్రళయం బాబు అడిగిందల్లా ఒకటే. నీళ్లు. కరెంటు లేకపోయినా, డీజిలు దొరకకపోయినా చేత్తో తోడుకోగలిగే బావి ఉండాలి, అది ఎండకూడదు. ఆ మాట ఎవరు చెప్పగలరంటే ఇంకెవరు, బావుల మేస్త్రి.

అలా మేస్త్రికి ఆ ఎండాకాలమంతా చేతినిండా పని దొరికింది. ముప్పై బావులు. ఇంజను పెట్టి నీళ్లు తోడించడం, దిగి ఊట చూడడం, రుచి చెప్పడం. విత్తనాలాయన నీడన కూర్చుని పుస్తకంలో రాసుకునేవాడు. కొన్నిసార్లు ప్రళయం బాబే వచ్చేవాడు. ఖరీదైన బూట్లు, అలిసిన మొహం. మనిషి చెడ్డవాడేం కాదు. మేస్త్రిని "నువ్వు" అన్నా చులకనగా అనలేదు. తన సీసాలో నీళ్లు ఇచ్చేవాడు.

"ఈ బావి మీద ఎంతమంది బతకొచ్చు?" అని అడిగేవాడు ప్రతి చోటా.

"పొదుపుగా వాడితే యాభై మంది బతుకుతారు బాబూ. మీ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. నేనూ, మా ఆవిడా, పాపా."

"ముగ్గురికి ముప్పై బావులెందుకు బాబూ?"

"ఒకటి ఎండిపోతే?"

"ఇంకా ఇరవై తొమ్మిది ఉంటాయి కదా."

"అవీ ఎండిపోతే?" అన్నాడు ప్రళయం బాబు. నవ్వుతాడేమోనని మేస్త్రి చూశాడు. ఆయన నవ్వలేదు. చేతిలో సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ, మళ్లీ తిప్పుతూ నిలబడ్డాడు. అయ్యో పాపం, ఇంత ఉండీ ఈయనకు నిద్ర పట్టదేమో అని మేస్త్రికి జాలేసింది. నిజంగానే జాలేసింది. తన మీద ఎవరు జాలిపడతారో అప్పటికి తెలియదు.

కొన్న పొలం చుట్టూ వారం తిరక్కుండా ఇనుప కంచె వచ్చేది. దుక్కి లేదు, నాటు లేదు. సమయం వచ్చినప్పుడు చేస్తారట. అప్పటిదాకా నేలకు విశ్రాంతి. నేలకు విశ్రాంతి బాగానే ఉంది, దాన్ని కౌలుకు చేసుకునేవాళ్ల కడుపులకు కూడా విశ్రాంతే అయింది. అక్క పొలానికి ఎడమపక్క పదేళ్లుగా టమాటా వేసే మొగుడూపెళ్లాలు ఇల్లు తాళం వేసి ఇటుకబట్టీకి పోయారు. కుడిపక్క ముసలాయన కంచె బయట కూర్చుని లోపల మొలిచిన గడ్డికేసి చూసేవాడు. ఆ రెండు బావులకూ "తీపి, నిండు" అని చెప్పింది మన మేస్త్రే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ సామెత నూతులు తవ్వేవాడికే తగిలింది. ఆ వారమే విత్తనాలాయన పుస్తకం చూసి, "రేపు మీ అక్క చేస్తున్న డాక్టరుగారి బావి" అన్నాడు.

ఆ రోజు మేస్త్రికి అన్నం సయించలేదు. "తీపి, నిండు" అంటే పొలం పోతుంది. అక్క కూడా ఇటుకబట్టీకి పోవాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నడుం వంగితే లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. దిగనంటే ఎందుకు దిగవని అడుగుతారు. అక్కకు చెబుదామా అనుకున్నాడు. చెబితే ఆవిడ ఏదో ఒకటి అంటుంది, అప్పుడు ఆ మాట వినాలి. చెప్పలేదు.

మర్నాడు అక్క ఆఖరి కోత చిక్కుడుకాయలు తీసుకుని సంతకు పోయింది. చిక్కుడు పందిళ్లు పీకేసిన రోజులు, పొలమంతా ఉత్త దుక్కి, పచ్చదనం కంటికి ఆనేలా ఏమీ లేదు. ఇంజను రెండు గంటలు మొరిగి బావి ఖాళీ చేసింది. మేస్త్రి దిగాడు. మామూలుగా బుట్టలో గడ్డపార, పార ఉంటాయి. ఆ రోజు వాటి కింద తడి గోనెసంచీ ఒకటి, బంకమట్టి ముద్ద ఒకటి ఉన్నాయి. తూర్పు గోడలో పదిహేడేళ్ల కిందట బావతో కలిసి తెరిచిన కంతలో గోనె కుక్కి, మీద బంకమట్టి మెత్తి, అరచేత్తో అదిమిపట్టాడు. లోపలినుంచి నీళ్లు నెడుతుంటే చేతికి తెలుస్తోంది. భుజం ఆనించి ఒత్తిపట్టాడు. అంచుల్లోంచి కారిన నీళ్లే ఒక దోసెడు తాగాడు. తీపి.

"ఉప్పూ!" అని అరిచాడు. "ఊట లేదూ!"

పైన తాడు పట్టిన ఇద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారో లేదో అతనికి తెలియదు. విత్తనాలాయన గట్టుమీంచి తొంగిచూశాడు. అడుగున బురద, మోచేయి లోతు కూడా లేని నీళ్లు. గంటసేపు ఆగినా అంతే. తోడేసిన నీళ్లు ఏ పాత వాన నిలవో అనుకుని పుస్తకంలో గీత కొట్టేశాడు. రెండోసారి అడగలేదు. అడగడం మర్యాద కాదు కదా.

ఆ సాయంత్రం మేస్త్రి అక్క వాకిట్లో కూర్చుని జరిగింది చెప్పాడు. విత్తనాలాయన వెళ్లిపోగానే కంత తెరిచేశాడు, అప్పటికే బావిలో నీళ్లు నాలుగు మెట్లు ఎక్కాయి. అక్క మొదట నమ్మలేదు.

"నువ్వా? అబద్ధమా?" అని పడీపడీ నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంది. తర్వాత ఏదో తట్టినట్టు ఆగి, "లోపలుండే చెప్పావా?" అంది.

"లోపలుండే చెప్పానక్కా."

"నాన్న ఉంటే చెమడాలు వలిచేవాడు" అంది అక్క. మళ్లీ తనే, "పోన్లే, చెప్పేశావు కదా. లే, చేతులు కడుక్కో" అని అన్నం పెట్టింది. ఆవిడకు సంతోషంగానే ఉంది. తమ్ముడు తన కోసం చేసిన పనికి సంతోషపడకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ పూట అన్నం పెడుతూ రెండుసార్లు గరిటె జారవిడిచింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మేస్త్రి అబద్ధం మరీ అతికింది, అదే వచ్చిన చిక్కు.

రెండు నెలలు ఏ గొడవా లేదు. అక్క వంగ నారు తెచ్చి నాటింది. మొక్కలు మోకాలెత్తు లేచి, మొదటి కోత సంతకు పోయింది. చుట్టూ కంచెల్లో ఎండిన గడ్డి, మధ్యలో మూడెకరాల పచ్చటి ముక్క. ఒకరోజు పొద్దున విత్తనాలాయన వచ్చి గట్టుమీద నిలబడి, "అమ్మా, డాక్టరుగారు పొలం అమ్మేశారు. మీకు నెల టైమిచ్చారు. కాపు కోసుకోండి" అన్నాడు.

"ఎవరికమ్మాడు?"

"బాబుగారికే."

"ఈ బావి ఆయనకు వద్దన్నారు కదయ్యా!"

"బావి వద్దు. చోటు కావాలి" అన్నాడు విత్తనాలాయన. ఆయన చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ప్రళయం వచ్చిన రోజున బాబుగారి కుటుంబం వచ్చి ఉండాలంటే ఇల్లు కావాలి. ధాన్యం దాచడానికి గోడౌను కావాలి. చుట్టూ పొలాలన్నీ మంచి నీళ్లున్నవి, వాటిలో ఇల్లు కడితే సాగునేల దండగ. నడిమధ్యలో నీళ్లు లేని ముక్క ఒకటుంది, రోడ్డు కూడా దాని పక్కనే. బుద్ధున్నవాడెవడైనా కట్టడం అక్కడే కడతాడు. బావి పనికిరాదని డాక్టరుగారితో చెబితే ఆయన బేరం కూడా ఆడలేదు. "గోడౌను పునాది సరిగ్గా బావి మీదికొస్తుంది. పూడ్చేస్తారు" అన్నాడు.

అక్క పార అక్కడే పడేసి తమ్ముడింటికి నడిచింది. మైలు దూరం. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మేస్త్రి విని గోడకు చేరగిలబడ్డాడు.

"నీకెవరు చెప్పమన్నార్రా?" అంది అక్క. అరవలేదు. "నన్నొక్క మాట అడిగావా? ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఏమయ్యేది? వాడు కొనేవాడు. కంచె వేసేవాడు. వేసుకోనీ! బావి బతికుండేది. ఎప్పటికైనా వాడికీ బుద్ధొచ్చి దున్నించుకుంటే, ఆ నీళ్లే కట్టడానికి కూలికి పోయేదాన్ని. నీ బావ చేతుల్తో తవ్విన బావిరా అది. పాతిపెడతారంట."

మేస్త్రి భార్య లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చింది. ఆడపడుచు తాగలేదు. మొగుణ్ణి రోజూ సాధించే మనిషి ఆ రోజు ఒక్క ముక్కా అనలేదు. అందుకే మేస్త్రికి ఇంకా భయమేసింది.

"నిజం చెప్పేస్తానక్కా" అన్నాడు. "ఆయన మంచోడే. బావిలో నీళ్లున్నాయంటే ఎగిరి గంతేస్తాడు. గోడౌను ఇంకో చోట కట్టుకుంటాడు."

మూడో రోజు ప్రళయం బాబు కారు వచ్చింది. వంగతోటలో నుంచే తాళ్లు లాగి, సున్నంతో గీతలు గీస్తున్నారు. ఒక తెల్లగీత బావి గట్టు దాటి అటువైపు పోయింది. మేస్త్రి ఎదురెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెప్పాడు. గోనె, బంకమట్టి, అక్క, అన్నీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చెవులు కాలిపోయాయి.

"ఇంజను పెట్టించండి బాబూ. గంటలో నాలుగు మెట్లు లేస్తుంది. మీరు కొన్న వాటిలో ఇలాంటి బావి ఇంకోటి లేదు. ఇదిగో, ఈ ఎండలో ఈ తోట పచ్చగా ఉందంటే నీళ్లు ఎక్కడివి చెప్పండి!"

"తోటకూ బావిలోకీ ట్యాంకరుతో పోయించి ఉంటారు బాబూ" అన్నాడు విత్తనాలాయన వెంటనే. "అక్క పొలం పోతోంది కదా, నాటకాలు." ముప్పై బావుల పుస్తకం ఆయన చంకలో ఉంది. దాంట్లో ఒక్క గీత తప్పయితే ఆయన కొంప మునుగుతుంది.

ప్రళయం బాబు తోటకేసీ చూడలేదు, బావిలోకీ చూడలేదు. మేస్త్రినే చూస్తున్నాడు. ఆ మొహంలో కోపం కనపడలేదు. రంగు మాత్రం పోయింది.

"ఈ బావి సంగతి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను బాబూ. తప్పయింది. ఇదొక్కటే."

"మిగతా ఇరవై తొమ్మిదో?"

"అవన్నీ నిజం బాబూ."

"అదీ నువ్వే చెబుతున్నావు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "నా దగ్గరున్నదంతా ఈ నేలలో పెట్టాను. కాగితాలు నమ్మకుండా నీ మాట నమ్మి పెట్టాను. ఇప్పుడు నాకేం చెబుతున్నావో తెలుస్తోందా నీకు?"

"ఇంజను పెట్టించండి బాబూ, ఒక్క గంట..."

"వద్దు" అన్నాడు ప్రళయం బాబు గట్టిగా. గీతలు గీసేవాళ్లు తలెత్తి చూశారు. ఆయన గొంతు తగ్గించాడు. "మీ పద్ధతి నువ్వే చెప్పావు నాకు. బావిలో ఉండి చెప్పింది నిజం, గట్టుమీదికొచ్చి చెప్పేదాంట్లో నాలుగు ఆలోచనలుంటాయని. ఆ రోజు లోపలుండి చెప్పావు. ఇవాళ గట్టుమీదున్నావు. నేను దేన్ని నమ్మాలి?"

ఆ మనిషి నమ్మలేక కాదు ఆ మాటన్నది. నమ్మితే ఈ ఒక్క బావి దక్కుతుంది, ఇరవై తొమ్మిది చేజారతాయి. నమ్మకపోతే ఇరవై తొమ్మిదీ ఉంటాయి. ఆయన వ్యాపారి, లెక్క వేసుకున్నాడు. పైగా భయస్థుడు.

"అయితే ఇప్పుడే దిగుతా బాబూ! లోపలుండే చెబుతా! తాడూ, ఎవరన్నా తాడు పట్టండయ్యా!" అని మేస్త్రి అటూ ఇటూ పరిగెత్తాడు. గీతల కోసం లాగిన సన్నతాళ్లు తప్ప అక్కడేం లేవు. అవి మనిషి బరువు ఆపవు. అతను వెనక్కి తిరిగేసరికి కారు రోడ్డెక్కింది.

నెల అన్నవాళ్లు పన్నెండో రోజునే లారీలు తెచ్చారు. రాళ్లు, పగిలిన కాంక్రీటు, ఎర్రమట్టి. మొదటి లారీ వెనక్కి జరిగి బావిలోకి కుమ్మరించినప్పుడు ఆ చప్పుడుకు డ్రైవరే ఉలిక్కిపడి దిగి చూశాడు. "ఎండిపోయిన బావన్నారే! ఇదేంటి మేస్త్రీ, నిండా నీళ్లున్నాయి!" అన్నాడు. మేస్త్రి గట్టున కూర్చుని ఉన్నాడు. తల ఊపాడు. డ్రైవరు విత్తనాలాయనకేసి చూశాడు. ఆయన కానివ్వమన్నట్టు చేయి ఊపాడు. ఎవరి కూలి వాళ్లది.

ఒక్కో లారీ పడుతుంటే నీళ్లు పైకొచ్చాయి. ఆరు మెట్లు, నాలుగు, రెండు. మధ్యాహ్నానికి గట్టు అంచు తాకి, కాలవ పడి, తోటలోకి పారడం మొదలెట్టాయి. ఇంజను లేకుండా, తోడకుండా, ఆ బావి నీళ్లు తమంతట తాము చేలోకి రావడం అదే మొదలు, అదే చివర. వంగ సాళ్ల మధ్యన మట్టిరంగు నీళ్లు మెల్లగా పాకుతూ పోయాయి.

అక్క అప్పటిదాకా తోట చివర వీపు తిప్పుకుని కాయలు కోస్తోంది. కాళ్లకు తడి తగిలి చూసింది. మొదటి సాలు నిండింది. బుట్ట దింపింది. పార తీసుకుంది. మొదటి సాలు మొదట్లో మట్టి వేసి కట్ట కట్టి, రెండో సాలుకు నీళ్లు తిప్పింది. అది నిండాక మూడో దానికి. రేపు ఆ మొక్కలుండవు. ఆవిడకు తెలుసు. పదిహేడేళ్ల అలవాటు చేతుల్ని ఊరుకోనివ్వలేదు. మేస్త్రి అది చూడలేక మొహం మోకాళ్లలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అతను ఏడవడం తాడు పట్టే ఇద్దరూ అదే మొదటిసారి చూడడం.

సాయంత్రానికి నీళ్ల చప్పుడు ఆగింది. మీద మట్టి పోసి రోలరు తిప్పారు.

గోడౌను లేచింది. ఇల్లు లేచింది. ప్రళయం ఇంకా రాలేదు. ఆ ఇంటికి వాడకం నీళ్లు వారానికొకసారి కంచె అవతలి బావుల్నుంచి ట్యాంకరులో తెస్తున్నారు. అక్క రోజూ తెల్లవారేసరికి కూలీల వ్యాను ఎక్కి, పాతిక మైళ్ల దూరంలో ఎవరిదో తోటలో కలుపు తీసి వస్తోంది.

విత్తనాలాయన ఊరుకున్నాడా? ఊరుకోలేదు. మేస్త్రి తన నోటితోనే ఒప్పుకున్నాడని నలుగురికీ చెప్పాడు. అబద్ధం ఒప్పుకున్నాడనే చెప్పాడు, ఎందుకాడాడో చెప్పే తీరిక ఎవరికుంది? ఈ ఎండాకాలం మేస్త్రిని పిలిచినవాళ్లు నలుగురే. వాళ్లలో ఒకాయన, మేస్త్రి అడుగునుంచి "చప్పా! సగం!" అని కేకేస్తే, గట్టుమీంచి వంగి, "నిజమేనా మేస్త్రీ?" అని అడిగాడు. పాపం, ఆయన మామూలుగానే అడిగాడు. నలభై ఏళ్లలో ఆ మాట మేస్త్రి వినడం అదే మొదటిసారి. మిగతావాళ్లు పట్నంనుంచి మిషనతన్ని పిలిపించుకుంటున్నారు. భుజాన పెట్టె, చేతిలో రెండు తీగలు, పెట్టెలో ముల్లు కదిలితే నీళ్లున్నట్టు. నాలుగు చోట్ల చూపిస్తే రెండు చోట్ల పడ్డాయి. జనానికి అది చాలు.

పోయిన వారం అక్క వచ్చింది. రెండు ఊళ్ల అవతల ఎకరంన్నర కౌలుకిస్తామంటున్నారని, బావి లేదుగానీ తవ్వుకోమంటున్నారని, వచ్చి చూడమని అడిగింది. మొహంలో కాస్త కళ ఉంది. మేస్త్రి చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా బయల్దేరాడు. ఆ చెక్కంతా తిరిగాడు. మట్టి తీసి నలిపాడు, వాసన చూశాడు, నాలిక మీద వేసుకున్నాడు. పల్లం వైపు చెప్పులు విడిచి ఒక చోట చాలాసేపు నిలబడ్డాడు. తండ్రి నేర్పినవీ, తను నేర్చుకున్నవీ, ఏదీ వదల్లేదు. చివరికి మడమతో నేల మీద గుర్తు పెట్టాడు.

"ఇక్కడ తవ్వక్కా. ఇరవై అడుగుల్లో పడతాయి. తీపి నీళ్లు."

అక్క ఆ గుర్తుకేసి చూసింది. తమ్ముడి మొహంకేసి చూసింది. కొంగుతో నుదురు తుడుచుకుంది. ఆవిడ అడగాలనుకోలేదు. కానీ ఉన్న డబ్బంతా ఈ ఎకరంన్నరలో పోయాలి, వయసు ఇంకో పంటకాలం ఆగదు.

"ఆ మిషనతన్ని కూడా ఒకసారి పిలిపిద్దాంరా" అంది, ఎటో చూస్తూ. "తప్పుగా అనుకోకు."

"అనుకోనక్కా" అన్నాడు మేస్త్రి. "పిలిపించు. మంచిదే."